బోరు నీళ్లు, ఎర్ర దుమ్ము, మన కారు: కొన్ని అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో కార్ల వాటర్ వాష్, పాలిషింగ్ పని నాది. పెయింటు కళ తప్పిందని నా దగ్గరికి తెచ్చే బండ్లలో సగానికి సగం మురికి పట్టి పాడైనవి కావు, ఇంటి దగ్గర శ్రద్ధగా కడిగి కడిగి పాడు చేసుకున్నవే. ఆదివారం పొద్దున నడుము విరిగేలా కడుగుతారు. ఆరాక చూస్తే బండి ఒళ్లంతా తెల్లచుక్కలు. "దుమ్ము ఉన్నప్పుడే బాగుండె కదన్నా" అని మొహం వేలాడేసుకుని వస్తారు.

అపోహ: ఇంకో నాలుగు బకెట్లు పోస్తే చుక్కలు పోతాయి

పోవు, ఇంకా పెరుగుతాయి. ఆ చుక్కలు మురికి కాదు, నీళ్లలో ఉన్న సున్నం. మన బోరు నీళ్లలో టీడీఎస్ మీటర్ ముంచితే వెయ్యి దాటడం వింతేం కాదు. వెయ్యి అంటే లీటరు నీళ్లలో ఒక గ్రాము లవణాలు కరిగి ఉన్నట్టు లెక్క. నీళ్లు ఆవిరైపోతాయి, ఆ గ్రాము మాత్రం బానెట్ మీదే ఉండిపోతుంది. హీటర్ రాడ్డుకు తెల్లగా పెచ్చు కట్టేది కూడా ఇదే సరుకు.

కాబట్టి ఎన్ని నీళ్లు పోశామన్నది కాదు, అవి ఆరేలోపు తుడిచామా లేదా అన్నదే ముఖ్యం. ఏప్రిల్లో పొద్దున పది గంటలకే బానెట్ మీద చెయ్యి పెట్టలేం. ఎడమ పక్క కడిగి కుడి పక్కకు వచ్చేసరికి అక్కడ ఆరిపోయి ఉంటుంది. తెల్లవారకముందో, పొద్దు వాలి రేకు చల్లబడ్డాకో మొదలుపెట్టండి. పైకప్పు, అద్దాలు, బానెట్, తలుపులు అనే వరుసలో ఒక్కో భాగం కడిగి, అక్కడికక్కడే తడి లాగేయండి. చివర్లో ఒక బకెట్ మంచినీళ్లు పోయగలిగితే ఇంకా మేలు. అంత లేకపోతే ఇంట్లో ఏసీ పైపు నుంచి కారే నీళ్లు పట్టి ఉంచండి. అది గాలిలోని తేమ చల్లబడి వచ్చిన నీరు, అందులో సున్నం దాదాపు ఉండదు. ఆఖరి తుడుపుకు గుడ్డ తడపడానికి సరిపోతుంది.

ఈమధ్య ఇంకో తెలివి మొదలైంది. ఆర్వో వాటర్ ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా ఎందుకని డ్రమ్ముకు పట్టి కారుకు పోస్తున్నారు. పొదుపు మంచిదే, చోటు తప్పు. ఫిల్టర్ మనకిచ్చే మంచినీళ్లలోంచి తీసేసిన లవణాలన్నీ ఆ పక్క నీళ్లలోకే చేరతాయి. అంటే బోరు నీళ్లకన్నా అవి ఇంకా ఉప్పన. బండలు తుడవడానికి వాడుకోండి, కారు దగ్గరికి మాత్రం తేవద్దు.

చుక్కలు కొత్తవైతే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, చల్లగా ఉన్న రేకు మీద గుడ్డతో అద్ది, నిమిషంలోపు కడిగేయండి. నెలల తరబడి ఎండలో కాలినవైతే పెయింటు పైపొరను తినేసి ఉంటాయి. వాటికి పాలిషింగ్ తప్ప దారి లేదు.

అపోహ: పొడిగుడ్డతో రోజూ దులిపితే చాలు

పాత బనియన్‌తో రోజూ పొద్దున దులపడం చాలా ఇళ్లలో అలవాటు. గీతలు అక్కడే పడతాయి. మన ఎర్రమట్టి చాలావరకు గ్రానైట్ జాతి రాళ్లు అరిగి తయారైంది, అందులో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. గట్టిదనం కొలిచే మోహ్స్ స్కేలు మీద క్వార్ట్జ్‌ది 7, మామూలు అద్దానిది ఐదున్నర దగ్గర. అద్దాన్నే గీసేది పెయింటును వదులుతుందా? రంగు పైనుండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్, మందం సుమారు 40-50 మైక్రాన్లే, తలవెంట్రుక కన్నా సన్నం. ఎండలో పక్క నుంచి చూస్తే సాలెగూడులా కనిపించే సన్నగీతలు ఆ గుడ్డ పుణ్యమే. అద్దం మీద దుమ్ము ఉండగా వైపర్ ఆడించినా ఇదే కథ.

ముందు నీళ్లు పోసి దుమ్ము నాననివ్వాలి, జారిపోనివ్వాలి, ఆ తర్వాతే చెయ్యి వెయ్యాలి. బకెట్లు రెండు ఉండాలి: ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో గుడ్డ జాడించడానికి ఉత్త నీళ్లు. జాడించే బకెట్ అడుగున చెయ్యి పెట్టి చూడండి, ఇసుక గరగరలాడుతుంది. ఒకే బకెట్ వాడితే ఆ ఇసుకంతా మళ్లీ తలుపు మీదికే. చక్రాల గుడ్డ వేరుగా ఉంచండి.

తాడిపత్రి వైపు నుంచి వాన రోజు వచ్చిన బండైతే నల్లరేగడి చక్రాల పైన ముద్దలా పట్టుకుని ఉంటుంది. ఎండాక పుల్ల పెట్టి గీకద్దు, తడిపి పావుగంట వదిలేస్తే అదే ఊడుతుంది. తలుపుల కింది అంచున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి, మట్టి వాటిని మూసేస్తే తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది.

అపోహ: బట్టల సబ్బుపొడి ఉండగా షాంపూ దండగ

ఒక్కసారికి కొంపేం మునగదు. కానీ జిడ్డుతో పాటు వ్యాక్స్ పొరనూ లాగేస్తుంది. డీజిల్‌తో తుడిస్తే మెరుపు వస్తుందనేది పాత డ్రైవర్ల మాట. మెరుపు సాయంత్రం దాకే, మరుసటి రోజు ఊళ్లో దుమ్మంతా దానికే అంటుకుంటుంది, రబ్బరు బీడింగులూ పాడవుతాయి.

అపోహ: పూజ మరకలు గీకితే గానీ పోవు

కసాపురం వెళ్లి కొత్త బండికి పూజ చేయించుకుని, సిందూరం నెల రోజులు అలాగే ఉంచి, తర్వాత స్టీలు పీచుతో రుద్దినవాళ్లున్నారు. సిందూరం నూనెలో కలిపింది కాబట్టి షాంపూ నీళ్లతో రెండు మూడు సార్లు మెత్తగా తుడిస్తే వదులుతుంది. పసుపు మరక ఎండకే వెలిసిపోతుంది, కంగారు వద్దు. అసలు పూజారి గారిని బొట్టు అద్దం మీద పెట్టమని అడగండి, దేవుడేమీ అనుకోడు.

అపోహ: కవర్ కప్పితే నిశ్చింత

కడిగిన బండికి కప్పితే సరే. దుమ్ము బండి మీద కప్పితే గాలికి కవరే ఉప్పుకాగితంలా పని చేస్తుంది. ఆషాఢం గాలి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ నెలల్లో కవర్ కన్నా రేకుల షెడ్డు నీడ నయం. కప్పక తప్పకపోతే లోపలి వైపు మెత్తటి గుడ్డ ఉన్నది తీసుకుని, బండి కిందుగా తాళ్లు బిగించి కట్టండి.