కొండెక్కేటప్పుడు మూత్రం ఎందుకు రాదు?

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. మే నెలలో పొద్దెక్కాక నడక మొదలుపెడితే గాలిగోపురం చేరేసరికి చొక్కా పిండితే కారేంత చెమట. మూత్రం మాత్రం రాదు. వచ్చినా కొంచెమే, అదీ ముదురు పసుపు రంగులో. ఇది కిడ్నీల లోపం కాదు. మెదడు చెప్పినట్టు నీళ్లు దాస్తున్నాయంతే.

మెదడు ఆ మాట చెప్పేది వాసోప్రెసిన్ ద్వారా. ఇది 9 అమైనో ఆమ్లాలు గొలుసుగా కలిసిన చిన్న పెప్టైడ్ హార్మోన్. మెదడు అడుగుభాగంలోని హైపోథలామస్‌లో తయారై, నాడీతంతువుల వెంట దిగి, పిట్యూటరీ గ్రంథి వెనక భాగం నుంచి రక్తంలో కలుస్తుంది. చెమటలో ఉప్పు కంటే నీళ్లే ఎక్కువ పోతాయి కాబట్టి రక్తం చిక్కబడుతుంది. ఆ చిక్కదనం 1 శాతం పెరిగినా హైపోథలామస్ పసిగడుతుంది. చాలామందిలో దాహం వేసే ముందే వాసోప్రెసిన్ పెరగడం మొదలవుతుంది.

కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. అందులో ఎక్కువ భాగం ఈ హార్మోన్‌తో పని లేకుండానే రక్తంలోకి తిరిగొస్తుంది. అసలు బేరమంతా చివరి నాళాల దగ్గరే. వాటి గోడల్లోంచి నీళ్లు మామూలుగా పెద్దగా దూరవు. వాసోప్రెసిన్ అక్కడి కణాల మీది వి2 గ్రాహకానికి (హార్మోన్ మాట అందుకునే ప్రొటీన్‌కు) అంటుకోగానే కణం లోపల కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువు పెరుగుతుంది. లోపల సంచుల్లో దాగిన ఆక్వాపోరిన్-2 అనే నీటి ద్వారాలు నిమిషాల్లో మూత్రం వైపు పొరలోకి చేరతాయి. చుట్టూ ఉన్న ఉప్పటి కణజాలం నీళ్లను లాగేసుకుంటుంది. హార్మోన్ తగ్గితే ద్వారాలు మళ్లీ లోపలికి వెళ్లిపోతాయి.

ఇదే పెప్టైడ్ రక్తనాళాల కండరాల మీది వి1ఎ గ్రాహకానికి తగిలితే కాల్షియం పెరిగి నాళం బిగుసుకుంటుంది. అందుకే షాక్‌లో బీపీ పడిపోయినప్పుడు ఐసీయూలో దీన్ని వాడతారు. పిట్యూటరీ ముందు భాగంలోని వి1బి గ్రాహకం దగ్గర ఏసీటీహెచ్ అనే, అడ్రినల్ గ్రంథులను ప్రేరేపించే హార్మోన్ విడుదలను పెంచుతుంది. ఫలితాన్ని తేల్చేది గ్రాహకమే.

వాసోప్రెసిన్ బాగా తక్కువైతే రోజుకు 15 లీటర్లు దాటి మూత్రం పోవచ్చు. దానికి వాసోప్రెసిన్‌ను పోలిన మందు డెస్మోప్రెసిన్ మాత్రలు పనిచేస్తాయి. వి2 గ్రాహకమే పుట్టుకతో చెడిపోతే ఆ మాత్రలతో పెద్దగా లాభం ఉండదు. బైపోలార్ వంటి మానసిక జబ్బులకు దీర్ఘకాలం లిథియం మందు వాడేవాళ్లలో కూడా కిడ్నీ ఈ హార్మోన్ మాట సరిగా వినకపోవచ్చు.

నడకదారిలో మరో తిరకాసు ఉంది. గంటల శ్రమ, నొప్పి, వికారం కూడా వాసోప్రెసిన్‌ను పెంచుతాయి, రక్తం పలచగా ఉన్నా సరే. వీటిలో వికారం మరీ గట్టి ప్రేరణ. ఆ స్థితిలో దాహం లేకపోయినా సీసా మీద సీసా తాగితే ఆ నీళ్లు బయటికి పోవు. రక్తంలో సోడియం లీటరుకు 135 మిల్లీమోల్ కంటే తగ్గుతుంది, బాగా పడిపోతే మెదడు వాస్తుంది. థయజైడ్ రకం బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ.

దాహాన్ని బట్టి తాగడం చాలామందికి సరిపోతుంది. పెద్దవయసులో దాహం మందగిస్తుంది కనుక వాళ్లకు మధ్యమధ్యలో కొద్దికొద్దిగా ఇవ్వాలి. లీటరుకని రాసిన ఓఆర్‌ఎస్ పొట్లాన్ని సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపాలి. ఉప్పు మజ్జిగైనా, ఓఆర్‌ఎస్ అయినా అతిగా తాగితే సోడియం పడిపోకుండా ఆపలేవు. తలనొప్పి, వాంతులు, మాట తడబాటు కనిపిస్తే వడదెబ్బే అనుకుని నీళ్లు పట్టించకండి. నీడకు చేర్చి, ఒళ్లు కాలుతుంటే తడిపి చల్లబరుస్తూ, రక్తంలో సోడియం పరీక్ష చేసే ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.