చిన్నాన్న చేతిలోంచి జారిన గ్లాసు

టెక్కలి దగ్గర మా ఊళ్ళో ఓ పొద్దున్న చిన్నాన్న చేతిలోంచి టీ గ్లాసు జారిపడింది. తీద్దామని వంగితే కుడి చెయ్యి లేవలేదు. ఏదో చెప్పబోయాడు, మాట ముద్దముద్దగా వచ్చింది. మూతి ఎడమవైపుకి లాగేసింది. వాతం కొట్టింది, పసరు పోయించమన్నారు కొందరు. పావురం రక్తం రాయమన్నారు ఇంకొందరు. ఆ హడావుడిలోనే సాయంత్రమైపోయింది. ఆస్పత్రిలో డాక్టరు గారు ముందు అడిగింది, "ఎన్ని గంటలకి మొదలైంది?" అని. పొద్దున్న ఆరింటికని చెప్పగానే ఆయన ముఖం వాడిపోయింది.

ఎందుకో నాకు తర్వాత తెలిసింది. చిన్నాన్నకి వచ్చింది పక్షవాతం. పడిపోయింది చెయ్యే అయినా జబ్బు ఉన్నది మెదడులో. రక్తనాళంలో గడ్డ అడ్డుపడ్డా, నాళం చిట్లినా మెదడు కణాలు చచ్చిపోతాయి. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల కణాలు పోతాయని లెక్కగట్టారు. కుడి చేతిని నడిపించేది ఎడమ మెదడు. చాలామందికి మాట కూడా అక్కడిదే. అందుకే చిన్నాన్నకి చెయ్యీ మాటా ఒకేసారి పోయాయి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, అదీ సీటీ స్కాన్ తీసి లోపల రక్తం చిమ్మలేదని తేలాకే. పైకి రెండు రకాలూ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి ఇంట్లో ఏ బిళ్ళా వేయకండి, నీళ్ళు కూడా పట్టకండి. మింగడం దెబ్బతింటే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

నవ్వమనండి, రెండు చేతులూ ఎత్తమనండి, ఓ మాట చెప్పమనండి. ఒక్కదాంట్లో తేడా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి. పది నిమిషాల్లో సర్దుకున్నా సరే, వెళ్ళాల్సిందే. తర్వాత పెద్దది రాబోతోందని అది హెచ్చరిక కావచ్చు.

చిన్నాన్నకి బీపీ ఉంది. "బాగానే ఉన్నాను కదరా" అని బిళ్ళలు మానేశాడు. పక్షవాతానికి అన్నిటికన్నా పెద్ద కారణం బీపీయే, కానీ అది నొప్పి పెట్టదు, చూపించుకుంటేనే తెలుస్తుంది. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బున్నవాళ్ళు మరీ జాగ్రత్తగా చూపించుకోవాలి. కిడ్నీ పాడైతే బీపీ పెరుగుతుంది, బీపీ పెరిగితే కిడ్నీ ఇంకా పాడవుతుంది. నౌపడ ఉప్పు మడులు చూస్తూ పెరిగినవాళ్ళం, ఉప్పు మనకి లోకువ. గంజన్నంలో ఉప్పు, పక్కన ఎండుచేప, ఆపైన ఆవకాయ. రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఆడవాళ్ళు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ కూడా పొగాకే, నాళాల్ని అంతే పాడుచేస్తుంది.

చిన్నాన్న ఇప్పుడు కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తున్నాడు. పిన్ని రోజూ బీపీ బిళ్ళ టీ గ్లాసు పక్కనే పెడుతుంది. గ్లాసు ఎడమ చేత్తోనే అందుకుంటాడు.