అపోహలు – వాస్తవాలు: స్కూలు బల్ల మీది సోలార్ ప్లేటు, గాలిమర, వాన సీసా

థర్మాకోల్ ఇల్లు, దాని కప్పు మీద చిన్న సోలార్ ప్లేటు, పక్కన అట్టముక్కల గాలిమర, బల్ల గుడ్డ కింద ఎక్కడో దాచిన 9 వోల్టుల బ్యాటరీ. సైన్స్ ఫెయిర్‌లో పునరుత్పాదక శక్తి అనగానే ముప్పాతిక వంతు ఇదే కనిపిస్తుంది. లైటు వెలగదేమోనన్న భయమే ఆ బ్యాటరీని అక్కడ పెట్టిస్తుంది. వెలగకపోవడానికి ప్రతిసారీ ఒక కారణం ఉంటుంది, దాన్ని వోల్టేజీ, కరెంటు కొలిచే 300 రూపాయల మల్టీమీటర్‌తో పట్టుకోవచ్చు. ఆ కారణాన్ని కొలిచి కాగితం మీద పెట్టిన ప్రాజెక్టుకి బ్యాటరీతో వెలిగించిన ప్రాజెక్టు ఏ రకంగానూ సాటిరాదు.

అపోహ: మల్టీమీటర్‌లో 6 వోల్టులు వచ్చాయి, ప్లేటు బాగానే ఉంది. మోటారుదే తప్పు.

మబ్బులో కూడా ఆ ప్లేటు 5 వోల్టుల పైన చూపిస్తుంది, ఎందుకంటే మీటరు దాన్నుంచి కరెంటు తీసుకోదు. మబ్బు పడితే వోల్టేజీ కొంచెమే తగ్గుతుంది, కరెంటు మాత్రం ఎండలో ఉన్నదాంట్లో పదో వంతుకో ఐదో వంతుకో పడిపోతుంది. తిరగని మోటారుకి కావలసింది ఆ కరెంటే.

సరిగా కొలవాలంటే ప్లేటుకి లోడు, అంటే కరెంటు వాడుకునే వస్తువు, పెట్టాలి. 6 వోల్టులు, 100 మిల్లీ యాంపియర్ల ప్లేటుకైతే 10, 22, 47, 68, 100, 220 ఓమ్‌ల రెసిస్టర్లు ఒక్కోటి తెచ్చుకోండి. 1 వాట్‌వి అడగండి, పావు వాట్‌వి అయితే వేలు కాలుతుంది. ఒక్కొక్కటే ప్లేటుకి కలిపి, దాని రెండు చివర్ల మధ్య వోల్టేజీ చూడండి. వోల్టేజీని దానితోనే హెచ్చించి ఓమ్‌లతో భాగిస్తే వాట్లు వస్తాయి. నిండు ఎండలో 10 ఓమ్‌ల దగ్గర సుమారు 0.1 వాట్, 68 దగ్గర అర వాట్ పైచిలుకు, 220 దగ్గర మళ్లీ 0.2కి దిగడం కనిపిస్తుంది. గ్రాఫు కొండలా లేచి దిగుతుంది. ఆ శిఖరాన్ని వెతికి పట్టుకునే పనే పెద్ద సోలార్ ఇన్వర్టర్లు రోజంతా చేస్తుంటాయి.

ఒక జాగ్రత్త: కరెంటు కొలవడానికి ఎర్ర ప్రోబు 10 యాంపియర్ల రంధ్రంలోకి మార్చిన పిల్లలు దాన్ని వెనక్కి మార్చడం మరిచిపోయి బ్యాటరీ వోల్టేజీ కొలుస్తారు. అది షార్ట్ సర్క్యూట్. మీటర్లు ఎక్కువగా అలాగే పోతాయి.

అపోహ: ఎండ మండితే కరెంటు ఎక్కువ.

ప్లేటుకి కావలసింది వెలుతురు. వేడి దానికి చేటు. డబ్బా మీద రాసే వాట్లు సెల్ (ప్లేటులోని ఒక్కో సిలికాన్ పట్టీ) ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పటివి, చదరపు మీటరుకి 1000 వాట్ల ఎండలో కొలిచినవి. సిలికాన్ సెల్ ఆ 25 దాటాక ప్రతి డిగ్రీకీ సుమారు 0.4 శాతం సామర్థ్యం పోగొట్టుకుంటుంది. మే నెల మధ్యాహ్నం గాలి 42 డిగ్రీలుంటే ప్లేటు 65 దాటుతుంది. అంటే 16 శాతం అక్కడే పోయింది.

దీన్ని సులువుగా చూపించవచ్చు. ప్లేటుని అరగంట ఎండలో ఉంచి వోల్టేజీ రాసుకోండి. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి వెంటనే మళ్లీ చూడండి. ప్లేటు 15 డిగ్రీలు చల్లబడితే 12 సెల్‌ల ప్లేటులో 0.3 వోల్టు దాకా పెరుగుతుంది, నిమిషం గడిచేసరికి మెల్లగా దిగుతుంది. రామగుండంలో విద్యుత్ సంస్థ ఎన్టీపీసీ తన జలాశయం మీద 100 మెగావాట్ల తేలే సోలార్ కేంద్రం పెట్టింది, 2022 నుంచి పూర్తిస్థాయిలో నడుస్తోంది. నీటి మీద ప్లేట్లు కాస్త చల్లగా ఉండటం అలాంటి కేంద్రాలకు కలిసొచ్చే అంశం.

అపోహ: ప్లేటులో పదో వంతు నీడ పడితే పదో వంతే నష్టం.

ఇది మాకు చాలా ఇష్టమైన ప్రయోగం, దీనికి కావలసింది నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క ఒక్కటే. ప్లేటు మీద సన్నని పట్టీలు కనిపిస్తాయి కదా, ఒక్కో పట్టీ ఒక్కో సెల్. అన్నీ ఒకదాని వెనక ఒకటి గొలుసులా కలిసి ఉంటాయి. ఒక పట్టీని పూర్తిగా కప్పేలా టేపు అంటించండి. కప్పింది 12లో ఒక వంతే, కానీ కరెంటు దాదాపు సున్నాకి పడిపోతుంది. ఇప్పుడు అదే టేపుని తిప్పి, అన్ని పట్టీలనూ కొద్దికొద్దిగా కప్పేలా అడ్డంగా అంటించండి. కప్పిన వైశాల్యం అంతే, నష్టం మాత్రం 12లో ఒక వంతు దగ్గరే ఆగుతుంది. గొలుసులో ఏ సెల్‌కి వెలుతురు తక్కువైతే మొత్తం కరెంటు దాని దగ్గరే బిగుసుకుంటుంది. డాబా మీద వాటర్ ట్యాంకు నీడ గురించి సోలార్ బిగించేవాళ్లు అంత గొడవ చేసేది ఇందుకే.

అపోహ: ప్లేటు ఎప్పుడూ దక్షిణానికి వంచితేనే ఎక్కువ కరెంటు.

ఏడాది మొత్తం లెక్కలో నిజమే. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి దాదాపు అంతే వాలు పెడతారు. అయితే అక్కడ సూర్యుడు మే రెండో వారం ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఇంకోసారి మధ్యాహ్నం నడినెత్తికి వస్తాడు. ఆ రెండు రోజుల మధ్య మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. జూన్‌లో కొలిచిన పిల్లకి ఉత్తరపు వాలులో ఎక్కువ వస్తే అది సరైన లెక్కే. దాన్ని కొట్టేసి పుస్తకంలోది రాయించకండి.

అపోహ: బొమ్మ మోటారుకి రెక్కలు తగిలిస్తే గాలిమర జనరేటర్ తయారు.

సూత్రం సరైనదే, లెక్క కుదరదు. బొమ్మ కార్లలోని మోటారు 3 వోల్టులిస్తే నిమిషానికి 8 వేల నుంచి 12 వేల చుట్లు తిరుగుతుంది. వెనక్కి లెక్కేస్తే, అట్ట రెక్కలతో నిమిషానికి 300 చుట్లు తిరిగినా వచ్చేది 0.1 వోల్టు. ఎర్ర ఎల్‌ఈడీ వెలగాలంటే 1.8, తెల్లదానికి దాదాపు 3 కావాలి. బల్ల కింద బ్యాటరీ చేరేది ఇక్కడే.

రోబో కిట్లలో వచ్చే పసుపురంగు గేర్ మోటారు ఒక దారి. దాని గేర్లు సాధారణంగా 48 రెట్లు వేగం పెంచుతాయి, చేత్తో తిప్పినా ఎర్ర ఎల్‌ఈడీ వెలుగుతుంది. కానీ ఆ గేర్ల రాపిడి వల్ల టేబుల్ ఫ్యాన్ గాలికి రెక్కలు అసలు కదలకపోవచ్చు. అంతకన్నా మంచిది పాత ప్రింటర్లోంచి తీసిన స్టెపర్ మోటారు. గేర్లు లేకుండానే నెమ్మది వేగంలో తగినంత వోల్టేజీ ఇస్తుంది. మొదట్లో కటకటమని కొంచెం పట్టేస్తుంది, రెక్కలు పెద్దవి చేస్తే కదులుతుంది. అందులో వచ్చేది దిశ మారుతూ ఉండే ఏసీ, కాబట్టి దాన్ని ఒకే దిశలోకి మార్చే నాలుగు డయోడ్ల బ్రిడ్జి కావాలి. షాపులో 1ఎన్4007 రకం డయోడ్లు ఇస్తారు, కరెంటు ఒకేసారి దాటే రెండు కలిసి 1.4 వోల్టులు మింగేస్తాయి. 1ఎన్5819 రకం అడిగి తెచ్చుకోండి, నష్టం సగానికి పైగా తగ్గుతుంది.

అసలు గాలిలో ఎంత శక్తి ఉందో కూడా చూడాలి. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న రెక్కల చుట్టు గుండా సెకనుకి 3 మీటర్ల గాలి వెళ్తే అందులో ఉండేది 1.1 వాట్. ఎంత గొప్ప గాలిమరైనా అందులో 59.3 శాతానికి మించి తీసుకోలేదు. అట్ట రెక్కలు పదో వంతు తీసుకుంటే గొప్ప. అదే గాలి వేగం రెట్టింపైతే శక్తి 8 రెట్లు. అనంతపురం కొండల మీద గాలిమరలు అంత ఎత్తున నిలబెట్టేది ఆ అదనపు వేగం కోసమే.

అపోహ: ఫ్యాన్‌తో గాలిమర తిప్పి, ఆ కరెంటుతో మళ్లీ ఫ్యాన్ నడపవచ్చు.

టేబుల్ ఫ్యాన్ 50 వాట్లు తింటుంది. పై లెక్క ప్రకారం మన గాలిమర ఇచ్చేది 0.1 వాట్. 'ఫ్రీ ఎనర్జీ' అన్న బోర్డు తీసేయండి.

అపోహ: నిమ్మకాయ, బంగాళదుంప బ్యాటరీలు పునరుత్పాదక శక్తి.

శక్తి వచ్చేది జింకు మేకు కరిగిపోవడం వల్ల. నిమ్మకాయ అయాన్లు కదలడానికి పులుసు మాత్రమే ఇస్తుంది. నాలుగు కాయలు వరసగా కలిపితే ఎర్ర ఎల్‌ఈడీ మసగ్గా వెలుగుతుంది, కరెంటు మిల్లీ యాంపియర్‌కి కూడా చేరదు. రసాయన శాస్త్రం బల్లకి మార్చుకుంటే మంచి ప్రాజెక్టు.

అపోహ: వెడల్పు డబ్బా పెడితే వాన ఎక్కువ మిల్లీమీటర్లు చూపిస్తుంది.

మిల్లీమీటరు అంటే నీటి లోతు. నేల మీద నీళ్లు ఎటూ పోకుండా నిలిస్తే ఎంత మందం ఉంటుందో అది. 1 మి.మీ. వాన అంటే చదరపు మీటరుకి లీటరు. నిటారు గోడలుంటే డబ్బా ఎంత వెడల్పైనా లోతు ఒకటే. చిక్కంతా కూల్‌డ్రింక్ సీసా అడుగుతో వస్తుంది. అది గుంటలు గుంటలుగా ఉంటుంది కాబట్టి స్కేలు అంటించి చదివితే తప్పు.

స్కేలు వదిలేసి సిరంజితో కొలవండి. 2 లీటర్ల సీసాని భుజం దగ్గర కోసి, పై ముక్కని తలకిందులుగా గరాటులా పెట్టండి. గరాటు నోటి వ్యాసం 10 సెంటీమీటర్లుంటే వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. పడిన మిల్లీలీటర్లను 10తో హెచ్చించి 78.5తో భాగిస్తే మిల్లీమీటర్లు. దాదాపు 20 మి.లీ. వస్తే 2.5 మి.మీ. వాన. వాతావరణ శాఖ లెక్కలో 'వాన పడిన రోజు' అనిపించుకోవడానికి అంత పడాలి. వాళ్ల 'భారీ వర్షం' 64.5 మి.మీ. దగ్గర మొదలవుతుంది, అంటే మన సీసాలో అర లీటరు. మందు షాపులో దొరికే 10 మి.లీ. సిరంజి ఈ పనికి చాలు. నీళ్లు ఆవిరైపోకుండా అడుగున రెండు చుక్కల వంటనూనె వేయండి.

పిట్టగోడ పక్కన పెట్టకండి. గోడ ఎంత ఎత్తుంటే దానికి రెట్టింపు దూరంలో ఉండాలి. మీ అంకె పేపర్లో వచ్చిన దానితో సరిపోలేదంటే ముందు సమయం చూడండి: వాతావరణ శాఖ ఉదయం 8.30కి కొలుస్తుంది, అంతకు ముందు 24 గంటల వాన ఆ రోజు తేదీ కింద రాస్తుంది. ఆదివారం రాత్రి కురిసిన వాన సోమవారం ఖాతాలోకి పోతుంది.

అపోహ: ఎండలో పెట్టిన థర్మామీటరు 52 చూపించింది, వాతావరణ శాఖ తక్కువ చెప్తోంది.

ఎండలో థర్మామీటరు చూపేది తన ఒంటి వేడి. గాలి ఉష్ణోగ్రతను నీడలో, గాలి ఆడే చోట, నేలకి మీటరున్నర ఎత్తున చూడాలి. వాతావరణ కేంద్రాల్లోని తెల్లటి తడికెల పెట్టె అందుకే. దాన్ని రూపొందించిన థామస్ స్టీవెన్‌సన్ లైట్‌హౌస్‌లు కట్టిన ఇంజినీరు.

ఇంట్లో అయితే ఆరు తెల్లని ప్లాస్టిక్ ప్లేట్లు చాలు. పైదాన్ని వదిలి మిగతా వాటికి నడుమ రంధ్రం చేసి, బోర్లించి, 2 సెంటీమీటర్ల ఎడంతో మూడు కడ్డీలకు గుచ్చండి. సెన్సర్ నడుమ వేలాడాలి. డాబా స్లాబు మీద వద్దు, అది రాత్రి పది దాకా వేడి కక్కుతూనే ఉంటుంది.

సెన్సర్ల సంగతికి వస్తే, వేడి, తేమ కొలిచే నీలంరంగు డీహెచ్‌టీ11 రెండు డిగ్రీలు అటూ ఇటూ చూపిస్తుంది. దానితో 'మా బడి దగ్గర ఊరికన్నా ఒక డిగ్రీ చల్లన' అని తేల్చడం కుదరదు. తెల్లటి డీహెచ్‌టీ22 అర డిగ్రీ లోపే ఉంటుంది. ఏదైనా ఆర్డునో బోర్డుకి (సెన్సర్‌ని చదివే చిన్న కంప్యూటర్ బోర్డు) ఆనించకుండా ఒక అడుగు వైరుతో దూరంగా పెట్టండి, బోర్డు వేడి కూడా లెక్కలో కలిసిపోతుంది.

అపోహ: బెలూన్ బారోమీటరు వాన రాకను చెప్తుంది.

సీసా మూతికి బెలూన్ బిగించి, దాని మీద స్ట్రా అంటించే మోడల్ ఇది. లోపలి గాలి 1 డిగ్రీ వేడెక్కితే సీసాలో పీడనం 3 హెక్టోపాస్కల్స్ (గాలి పీడనం కొలిచే ప్రమాణం) పైగా పెరుగుతుంది. మన ప్రాంతంలో మామూలు రోజున బయటి పీడనం మారేది కూడా అంతే, 3 నుంచి 4. పైగా అది ఉదయం పది ప్రాంతంలో ఎక్కువ, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ, వానతో పని లేకుండానే. కాబట్టి ఆ స్ట్రా చూపేది ఎక్కువగా గది వేడినే.

గాలి పీడనం కొలిచే బీఎంపీ280 సెన్సర్ పెడితే ఈ చిక్కు పోతుంది, ఇంకోటి వస్తుంది. హైదరాబాద్‌లో అది 950 చుట్టూ చూపిస్తుంది. టీవీలో తుపాను కేంద్రంలో చెప్పే అంకె అలాగే ఉండటంతో పిల్లలు కంగారుపడతారు. నగరం సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, ప్రతి 8.5 మీటర్లకీ దాదాపు 1 హెక్టోపాస్కల్ తగ్గుతుంది. వాతావరణ మ్యాపులో అంకెలు సముద్ర మట్టానికి సరిచేసినవి. విశాఖ తీరంలో కూర్చున్నవాళ్లకి ఈ బెడద లేదు.

అపోహ: గాలి దిశ చూపే బాణం గాలి పోయే వైపు తిరుగుతుంది.

వచ్చే వైపు. నైరుతి రుతుపవనాలు నైరుతి నుంచి వస్తాయి కదా, అదే లెక్క. తోక బాణం మొన కన్నా వెడల్పుగా లేకపోతే అది ఎటూ తేల్చుకోలేక గిరగిరా తిరుగుతుంది.

అపోహ: నాలుగు గిన్నెల గాలి మీటరులో గిన్నెల వేగాన్ని 3తో హెచ్చిస్తే గాలి వేగం.

దీన్ని 1846లో తయారుచేసిన రాబిన్సన్ కూడా అలాగే అనుకున్నాడు. తర్వాత చూస్తే గిన్నె సైజుని, చేయి పొడవుని బట్టి ఆ అంకె మారుతుంది. మీ మీటరుది మీరే కనుక్కోవాలి: గాలి లేని వేకువన, ఖాళీ రోడ్డు మీద, పెద్దవాళ్లు కారు 10, 20, 30 కిలోమీటర్ల వేగంతో నడుపుతుంటే వెనక సీటులో మరో పెద్దవాళ్లు మీటరుని కర్రకి కట్టి కిటికీ బయట పట్టుకుంటారు. ఫోనులో వీడియో తీసి చుట్లు లెక్కపెట్టండి.

అపోహ: రెండో రోజుకే బెలూన్ ఉబ్బింది, గోబర్ గ్యాస్ తయారైంది.

మొదట వచ్చేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, మండదు. పేడ, నీళ్లు సమానంగా కలిపి 20 లీటర్ల క్యాన్‌లో ముప్పాతిక నింపి, మొదటి వారం గ్యాస్ వదిలేయండి. మండే గ్యాస్‌కి రెండు మూడు వారాలు పడుతుంది, చలికాలంలో ఇంకా ఎక్కువ. క్యాన్ మూతి దగ్గర అగ్గిపుల్ల గీయవద్దు, లోపల గాలి కలిసి ఉంటే పేలుతుంది. వెలిగించి చూపించేది ఆరుబయట, టీచరు చేతులమీదుగానే.

అపోహ: ఇంట్లో పనిచేసిన సోలార్ మోడల్ హాల్లోనూ పనిచేస్తుంది.

వెలుతురుని లక్స్‌లలో కొలిస్తే నిండు ఎండ దాదాపు లక్ష లక్స్. ట్యూబ్‌లైట్ల హాలు 300 నుంచి 500. ప్లేటుకి అది చీకటితో సమానం. వరండా పక్క బల్ల ఇమ్మని ముందురోజే అడగండి. కుదరకపోతే పాతకాలపు 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టండి, ఎల్‌ఈడీ బల్బు వద్దు, సిలికాన్ సెల్ తీసుకోగలిగిన కంటికి కనిపించని కిరణాలు దాన్లో దాదాపు ఉండవు. బల్బుకీ ప్లేటుకీ మధ్య కనీసం 30 సెంటీమీటర్లు ఉంచి, చూసేవాళ్లు లేనప్పుడు ఆపేయండి. దగ్గర పెడితే రెండు గంటల్లో ప్లేటు మీది ప్లాస్టిక్ పొర బుడగలు లేస్తుంది, కింద థర్మాకోల్ కప్పు కరిగి కుంగుతుంది.