చైన్‌లో కంప్లీషన్ ఆగిపోతే: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో ఇళ్ల అమ్మకాలు, కొనుగోళ్లు చూసే సొలిసిటర్‌ని, అంటే లాయర్‌ని. మన తెలుగువాళ్ల ఫైళ్లు చాలానే నా దగ్గరికి వస్తుంటాయి. నెలాఖరు శుక్రవారం వచ్చిందంటే మధ్యాహ్నం నుంచి ఫోన్ ఆగదు. "అక్కా, సామానంతా వ్యాన్‌లో ఎక్కించేశాం, తాళాలు ఇంకా ఇవ్వలేదు. ఇల్లు పోయినట్టేనా?" అని ఒకరు. "వాట్సాప్ గ్రూపులో ఎవరో క్యాన్సిల్ చేసి డిపాజిట్ అడగమన్నారు" అని మరొకరు. మొదటి ఫోన్ వింటే మనసు కలుక్కుమంటుంది. రెండోది వింటే, ఆ సలహా ఇచ్చిన పెద్దమనిషి మీద ఒళ్లు మండుతుంది. ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండ్, వేల్స్‌కే వర్తిస్తుంది. స్కాట్లండ్ పద్ధతి వేరు. కంప్లీషన్ అంటే మిగిలిన డబ్బు కట్టి ఇంటి తాళాలు తీసుకోవడం. చైన్ అంటే మీకు అమ్మేవాళ్లు వేరే ఇల్లు కొనడం, వాళ్లకి అమ్మేవాళ్లు ఇంకోటి కొనడం, ఇలా ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డ ఇళ్ల వరుస. మీకు అమ్మేవాళ్ల వైపు పైన, మీ దగ్గర కొనేవాళ్ల వైపు కింద.

అపోహ: అనుకున్న రోజు కంప్లీషన్ కాకపోతే కాంట్రాక్ట్ రద్దయినట్టే. డిపాజిట్ తీసుకుని బయటపడొచ్చు.

కానే కాదు. జనం ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఈ నమ్మకం వల్లే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

ఎక్స్ఛేంజ్ అంటే రెండు వైపులా సంతకం చేసిన కాంట్రాక్టులు మార్చుకోవడం, డిపాజిట్ కట్టేదీ అప్పుడే. అది అయ్యాక కంప్లీషన్ తేదీ కాంట్రాక్ట్‌లో భాగం. ఆ తేదీ తప్పినవాళ్లు కాంట్రాక్ట్‌ను ఉల్లంఘించినట్టే. కానీ ఉల్లంఘన జరిగిందంటే కాంట్రాక్ట్ పోయిందని కాదు. మన కాంట్రాక్టుల్లో దాదాపు అన్నీ స్టాండర్డ్ కండిషన్స్ ఆఫ్ సేల్ అనే ముందే రాసిపెట్టిన షరతుల మీద నడుస్తాయి. వాటి ప్రకారం, తేదీ దాటాక డబ్బూ కాగితాలూ సిద్ధంగా పెట్టుకున్న పక్షం అవతలి పక్షానికి 'నోటీస్ టు కంప్లీట్', అంటే గడువులోగా కంప్లీషన్ పూర్తి చేయమనే నోటీస్, ఇవ్వాలి. ఇచ్చిన రోజును వదిలేసి 10 పనిదినాల గడువు ఉంటుంది. శనాదివారాలు, బ్యాంక్ సెలవులు లెక్కలోకి రావు కాబట్టి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ గడువు కూడా దాటితేనే రద్దు చేసుకునే హక్కు వస్తుంది. అమ్మేవాళ్లు తప్పితే మీ డిపాజిట్ వడ్డీతో వెనక్కి వస్తుంది. మీరు తప్పితే డిపాజిట్ వాళ్లదవుతుంది, ఇల్లు వేరేవాళ్లకు అమ్ముకుని మిగిలిన నష్టం కూడా మీ దగ్గర వసూలు చేయొచ్చు.

ఇప్పుడు ఆలోచించండి. వాళ్లు ఒకరోజు ఆలస్యం చేశారని, నోటీస్ లేకుండా, గడువు దాటకుండా, కోపంలో "మేం కొనట్లేదు" అని మీరు ఈమెయిల్ కొట్టారు. అప్పుడు కాంట్రాక్ట్ నుంచి తప్పుకున్నది ఎవరు? మీరే. అప్పటిదాకా తప్పు వాళ్ల వైపుంది, ఒక్క ఈమెయిల్‌తో మీ వైపు వచ్చింది. డిపాజిట్ కూడా ప్రమాదంలో పడింది.

రెడింగ్ దగ్గర ఇల్లు కొన్న ఒక కుటుంబం సంగతి చెబుతాను. ఇల్లు 4,50,000 పౌండ్లు, డిపాజిట్ 45,000. చైన్ పైన ఎక్కడో ఒకామె ఆస్పత్రిలో చేరడంతో ఆ ఇల్లు ఖాళీ కాలేదు, దాంతో కిందున్న మూడు ఇళ్లూ ఆగిపోయాయి. వీళ్లు అద్దె ఇంటి తాళాలు పొద్దున్నే అప్పగించేశారు. ఇద్దరు చిన్నపిల్లలు, ఊరినుంచి వచ్చిన అత్తగారు, రోడ్డు మీద వ్యాన్. సాయంత్రం ఐదింటికి ఆయన క్యాన్సిల్ అని ఈమెయిల్ రాసిపెట్టుకుని, పంపే ముందు నాకు ఫోన్ చేశారు. గొంతు వణుకుతోంది. "తమ్ముడూ, అది డిలీట్ చెయ్యి. ముందు పిల్లలకి అన్నం పెట్టి హోటల్ చూసుకోండి. ప్రతి రసీదూ దాచు. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాను. సోమవారం నోటీస్ ఇచ్చాం. నోటీస్ వెళ్లాక పై వాళ్లలోనూ కదలిక వచ్చింది, గురువారం తాళాలు చేతికొచ్చాయి. ఆలస్యమైన రోజులకు పరిహారం కూడా వచ్చింది. ఆ ఈమెయిల్ వెళ్లి ఉంటే 45,000 పౌండ్ల కోసం లాయర్ల మధ్య తగాదా నడిచేది.

పరిహారం లెక్క కూడా చాలామందికి తెలియదు. ఆలస్యం చేసిన పక్షం రోజుకింత చొప్పున 'కాంట్రాక్ట్ రేట్' వడ్డీ కట్టాలి. వేరే రేటు రాసుకోకపోతే అది సొలిసిటర్ల సంఘమైన లా సొసైటీ రేటు, అంటే బార్క్లేస్ బేస్ రేటుకి 4 శాతం ఎక్కువ. ఉదాహరణకు 8 శాతం అనుకుందాం. 4,00,000 ఇంటికి 10 శాతం డిపాజిట్ కట్టిన కొనుగోలుదారు ఆలస్యం చేస్తే 3,60,000 మీద రోజుకు దాదాపు 79 పౌండ్లు. అమ్మేవాళ్లు ఆలస్యం చేస్తే మొత్తం ధర మీద లెక్క. హోటల్, స్టోరేజ్, రెండోసారి వ్యాన్, ఇవన్నీ కలిపి అసలు నష్టం అంతకన్నా ఎక్కువైతే ఆ తేడా కూడా అడగొచ్చు. అయితే కొన్ని కాంట్రాక్టుల్లో స్పెషల్ కండిషన్ పెట్టి వీటిని తగ్గించేస్తారు. సంతకం పెట్టకముందే మీ సొలిసిటర్‌ని అడగండి.

అపోహ: ఆలస్యం పైవాళ్ల వల్ల జరిగింది, మా తప్పు లేదు, మేమెందుకు కట్టాలి?

చైన్ అనే మాట మనం మాట్లాడుకోవడానికే. చట్టం దృష్టిలో చైన్ అంటూ ఏదీ లేదు, ఒక్కో ఇంటికి ఒక్కో కాంట్రాక్ట్, అంతే. మధ్యలో ఉన్నవాళ్లు కిందివాళ్లకి కట్టాలి, పైవాళ్ల దగ్గర వసూలు చేసుకోవాలి. 1980లో అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లిన రైనేరి, మైల్స్ కేసు సరిగ్గా ఇలాంటి చైన్ గురించే. నోటీస్ ఇవ్వకముందు జరిగిన ఆలస్యానికి కూడా నష్టపరిహారం ఇవ్వాల్సిందేనని అందులో తేలింది. "మాది తప్పు కాదు కదా" అని నా ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు. నిజమే, తప్పు వాళ్లది కాదు. అయినా బాధ్యత వాళ్లదే.

అపోహ: ఏజెంట్ తేదీ చెప్పారు, ఇంక ఖాయం.

ఎక్స్ఛేంజ్ కానంతవరకు ఏ తేదీ అయినా అంచనా మాత్రమే. ఆఫర్ ఒప్పుకున్నా అది సబ్జెక్ట్ టు కాంట్రాక్టే, ఎవరైనా ఎప్పుడైనా తప్పుకోవచ్చు, పైసా పరిహారం రాదు. అలాంటి తేదీని నమ్మి అద్దె ఇంటికి నోటీస్ ఇచ్చేస్తారు. గృహప్రవేశం ముహూర్తం పెట్టించి అమ్మానాన్నలకి హైదరాబాద్ నుంచి టికెట్లు తీసేస్తారు. ముహూర్తం మా ఇంట్లోనూ చూసుకున్నాం, వద్దని చెప్పను. కానీ కంప్లీషన్‌నే ముహూర్తానికి కట్టేస్తే టెన్షన్ మీకే. పైన ఉన్న నాలుగు కుటుంబాలకి మీ పంచాంగంతో పనిలేదు. తాళాలు ఏ రోజు వస్తే ఆ రోజు తీసుకోండి. పాలు పొంగించడానికి కంప్లీషన్ తర్వాత రెండు వారాలు దాటిన ముహూర్తం చూడమని పంతులుగారిని అడగండి. అద్దె ఇల్లు కూడా వీలైతే ఒక వారం అదనంగా ఉంచుకోండి. ఆ వారం అద్దె, నలుగురికి హోటల్ ఖర్చు కన్నా తక్కువే అవుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

మధ్యాహ్నం రెండు దాటితే డీల్ పోతుందనేది తప్పు. రెండు తర్వాత డబ్బు చేరితే, పరిహారం లెక్కకి మరుసటి పనిదినం చేరినట్టు చూస్తారు, అంతే. కొన్ని కాంట్రాక్టుల్లో ఆ సమయం ఇంకా ముందే ఉంటుంది. డబ్బు కింది నుంచి పైకి ఒక్కో సొలిసిటర్ దగ్గర ఆగుతూ వెళ్తుంది కాబట్టి పెద్ద చైన్‌లో పైవాళ్లకి చేరేసరికి పొద్దుపోతుంది. బ్యాంకుల వ్యవస్థ కూడా మొరాయించవచ్చు. 2014 అక్టోబర్ 20న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ చెల్లింపుల వ్యవస్థ గంటల తరబడి ఆగిపోయి ఇళ్ల కొనుగోళ్లు చిక్కుకుపోయాయి. శుక్రవారం ఇలా జరిగితే సోమవారం దాకా దిక్కులేదు. కంప్లీషన్‌కి మంగళ, బుధవారాలు అడగండి.

డిపాజిట్ 5 శాతమే కట్టాం కాబట్టి పోతే అంతే పోతుందనుకోవద్దు. నోటీస్ టు కంప్లీట్ అందగానే 10 శాతానికి తక్కువైనది వెంటనే కట్టాలని కండిషన్ ఉంది.

తాళాలు రాలేదు కాబట్టి ఇన్సూరెన్స్ అక్కర్లేదంటారు కొందరు. స్టాండర్డ్ కండిషన్స్ ప్రకారం ఇంటి రిస్క్ ఎక్స్ఛేంజ్ రోజు నుంచే మీది.

ఇండియా డబ్బు చివరి వారం తెప్పిస్తే చాలనుకోవడం మనవాళ్లకి మామూలు. నాన్నగారు ఎఫ్‌డీ విరిపించినా, ఊళ్లో స్థలం అమ్మినా ఆ డబ్బు ఎక్కడిదో కాగితాలతో సహా మేం చూడాలి. ఇండియా నుంచి డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంక్ పెట్టిన ఎల్ఆర్ఎస్ పథకం కింద ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో పంపగలిగేది 2,50,000 డాలర్లే. ఈ పని ఎక్స్ఛేంజ్‌కి ముందే పూర్తి కావాలి. లేకపోతే చైన్ మొత్తాన్ని ఆపేది మీరే అవుతారు.

తేదీ దాటితే పోయేది వడ్డీ ఒక్కటే కాదు. ఇంగ్లండ్‌లో మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకి స్టాంప్ డ్యూటీ మినహాయింపు పరిమితి (వేల్స్‌లో పన్ను వేరు) 2025 ఏప్రిల్ 1న 4,25,000 నుంచి 3,00,000కి తగ్గింది. 4,25,000 ఇల్లు ఆ ఏడాది మార్చి 31న కంప్లీట్ అయినవాళ్లకి సున్నా, మర్నాడు అయినవాళ్లకి 6,250 పౌండ్లు.

మార్ట్‌గేజ్ ఆఫర్ కూడా దానంతటదే పొడిగించబడదు. మీ చైన్ నత్తనడక నడుస్తుంటే ఇవాళే ఆఫర్ లెటర్ తీసి ముగింపు తేదీ చూడండి. నెల రోజులే మిగిలితే బ్రోకర్‌కి, సొలిసిటర్‌కి ఇద్దరికీ ఈమెయిల్ పెట్టండి. పొడిగింపు అడిగితే కొన్ని బ్యాంకులు కొత్త పేస్లిప్పులు కోరతాయి. వీసా మీద ఉన్నవాళ్లయితే దాని గడువు కూడా అదే ఈమెయిల్‌లో రాయండి.