పళ్ల పట్టా మీద కొండెక్కిన రైలు

మే నెల మధ్యాహ్నం. విజయవాడ గవర్నర్‌పేటలో మా వరండా ఫ్యాను వేడిగాలి విసురుతోంది. పక్కింటాయన నా ఫోన్‌లో ఫొటోలు చూస్తూ ఆగిపోయారు. "మాస్టారూ, కొండెక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కదండీ, మరి ఈ స్వెట్టరు, మఫ్లరు ఏమిటి? అదీ జూలైలో!" ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. ఈ ప్రశ్న ఎవరు అడిగినా నాకు పండగే.

ఆ ఫొటోలు అమెరికాలోవి. మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని మౌంట్ వాషింగ్టన్ శిఖరానికి రైల్లో వెళ్లాం. ఎత్తు 1,917 మీటర్లు. మన ఊటీ అంత కూడా లేదు. కానీ రైలు పట్టాలు శిఖరాన్ని చేరింది 1869లో! పళ్ల చక్రం పట్టుకుని ఎక్కేందుకు వేసిన పళ్ల పట్టా మీద కొండెక్కిన మొదటి రైలు ప్రపంచంలో ఇదే. సిల్వెస్టర్ మార్ష్ అనే ఆయన అనుమతి అడిగితే, చంద్రుడి దాకా వేసుకోమని శాసనసభలో ఎగతాళి చేశారట.

ఎగతాళి ఎందుకో మన స్టేషన్ పక్కనున్న గాంధీ కొండను తలుచుకుంటే అర్థమవుతుంది. దాని మీది పిల్లల రైలు కొండ చుట్టూ తిరిగేదే తప్ప నిటారుగా ఎక్కేది కాదు. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి పట్టు తక్కువ. పట్టా పొడిగా ఉన్నా ఆ పట్టు సాధారణంగా చక్రం మీద పడే బరువులో మూడో వంతుకు మించదు, తడిస్తే ఇంకా తగ్గిపోతుంది. అందుకే ముంబై దగ్గరి బోర్ ఘాట్‌లో కూడా 37 మీటర్లు ముందుకు వెళ్తే ఒక్క మీటరే ఎక్కుతుంది రైలు. మౌంట్ వాషింగ్టన్ మీద సగటున నాలుగు మీటర్లకు ఒక మీటరు ఎక్కాలి. అన్నిటికన్నా నిటారైన చోట నూరు మీటర్లకు 37 మీటర్లు. అక్కడ మామూలు రైలు ఎక్కడం మాట అటుంచండి, బ్రేకులు బిగించి నిలబెట్టినా జారిపోతుంది.

మార్ష్ చేసిందల్లా రెండు పట్టాల మధ్య నిచ్చెన లాంటి ఇంకో పట్టా వేయడం. ఇంజను కింద పళ్ల చక్రం ఉంటుంది. దాని పళ్లు నిచ్చెన మెట్లలో ఒక్కొక్కటిగా పడుతూ పైకి పోతాయి. ఇక రాపిడి మీద ఆధారపడే పనే లేదు. మన నీలగిరి రైలుదీ ఈ కుటుంబమే. కాకపోతే అక్కడ వాలు 12కు 1, పళ్ల వరసలు రెండు.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం ఆవిరి ఇంజను బాయిలరు. పొయ్యి పైకప్పు రేకునూ, పొయ్యి నుంచి ముందుకు సాగే పొగ గొట్టాలనూ నీళ్లు ఎప్పుడూ కప్పి ఉండాలి. ఆ రేకు బయటపడితే ఎర్రగా కాలి మెత్తబడుతుంది, బాయిలరు పేలుతుంది. వాలు మీద నీళ్లన్నీ వెనక్కి చేరి ముందువైపు గొట్టాలు బయటపడతాయి కదా? అందుకే బాయిలర్నే ముందుకు వంచి బిగించారు. చదును నేల మీద చూస్తే ఇంజను దండం పెడుతున్నట్టు ఉంటుంది, వాలు ఎక్కగానే బాయిలరు సమంగా ఉంటుంది. ఇంజను పెట్టెను లాగదు, కింద నుంచి నెడుతుంది.

ఇక పక్కింటాయన ప్రశ్న. సూర్యుడు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. రెండు కిలోమీటర్లు దగ్గరైతే ఏం తేడా? పైగా ఎండ గాలిని నేరుగా పెద్దగా వేడిచేయదు. నేల కాగుతుంది, నేలను తాకిన గాలి వేడెక్కి పైకి లేస్తుంది. పైన ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ గాలి వ్యాకోచిస్తుంది, వ్యాకోచించేటప్పుడు తనలోని వేడినే ఖర్చు పెట్టుకుంటుంది. సైకిల్‌కి గాలి కొడితే పంపు గొట్టం వేడెక్కుతుంది. ట్యూబు పిన్ను నొక్కి గాలి వదిలితే వేలికి చల్లగా తగులుతుంది. కొండ మీద జరిగేది ఈ రెండోదే. సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంత ఎత్తు కొండే మన బెజవాడలో ఉంటే, ఊళ్లో 44 డిగ్రీలున్న రోజున దాని మీద 32 దగ్గర ఉండేది.

ఉష్ణోగ్రత కన్నా నన్ను వణికించింది గాలి. శిఖరం మీద తలుపు తీసుకుని బయటికి అడుగేస్తే మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒంటిని అంటుకుని వెచ్చటి గాలి పొర ఒకటి ఉంటుంది. ఈదురుగాలి దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. అక్కడ అంత గాలి ఎందుకంటే, మన కృష్ణను చూడండి. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య నది ఇరుకవుతుంది, అందుకే బ్యారేజీ అక్కడ కట్టారు. వరద రోజుల్లో అదే నీరు ఆ ఇరుకులో ఎంత పరుగు తీస్తుందో మనకు తెలుసు. అడ్డొచ్చిన కొండను దాటాలంటే గాలి కూడా ఇలాగే శిఖరం మీద ఇరుకై వేగం పుంజుకుంటుంది.

1934 ఏప్రిల్ 12న అక్కడి పరిశీలన కేంద్రంలో కొలిచిన గాలి వేగం గంటకు 372 కిలోమీటర్లు. 1996లో ఆస్ట్రేలియా దగ్గర బారో ద్వీపంలో తుఫానుకు 408 నమోదయ్యేదాకా భూమి మీద అదే రికార్డు. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగు రెట్లవుతుంది. 93 కిలోమీటర్ల గాలికన్నా 372 కిలోమీటర్ల గాలి తోపు పదహారు రెట్లు. దివిసీమ ఉప్పెన నాటి గాలిని చూసినవాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు. శిఖరం మీద ఒక చెక్క కట్టడాన్ని ఇనుప గొలుసులతో కొండకే కట్టి ఉంచారు. నేను ఆ గొలుసును ముట్టుకుని చూశాను, మంచులా ఉంది.

దిగేటప్పుడు ఇంజను కింది వైపే ఉండి, పెట్టె జారకుండా ఆపుకుంటూ వచ్చింది. సగం దారి దాటాక చెట్లు మొదలయ్యాయి, నేను మఫ్లరు తీసేశాను.