పదవి, కీర్తి, శీలం: స్టోయిక్ తత్వంపై అపోహలు - వాస్తవాలు

అపోహ: స్టోయిక్కులు పదవిని, కీర్తిని చెడ్డవిగా ఎంచారు, వారు బోధించింది వైరాగ్యమే.

వాస్తవం: తత్వశాస్త్ర తరగతిలో ఏటా నాకు మొదట వినిపించే మాట ఇదే. క్రీ.పూ. 300 ప్రాంతంలో ఏథెన్స్‌లో జీనో ప్రారంభించిన ఈ సంప్రదాయం ప్రకారం మనిషికి నిజమైన మంచి అంటే శీలం, అంటే సద్గుణం, ఒక్కటే; నిజమైన చెడు అంటే శీలలోపం ఒక్కటే. ఆరోగ్యం, ధనం, పేరు, అధికారం ఈ రెండింటిలోనూ చేరవు. అయినా రోగం కంటే ఆరోగ్యం మేలని వారు ఒప్పుకున్నారు కనుక, ఇలాంటివాటిని ఎంచుకోదగినవిగా వేరే వర్గంలో ఉంచారు. న్యాయంగా దక్కిన పదవిని స్వీకరించవచ్చు, దానికోసం న్యాయాన్ని వదులుకోకూడదు.

అపోహ: పదవి మీద ఆశ లేనివాడు అధికారానికి తలవంచి ఊరుకుంటాడు.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇది, ఎందుకంటే చరిత్ర దీనికి పూర్తిగా విరుద్ధంగా ఉంది. రోమ్ చక్రవర్తి వెస్పేసియన్ సెనేట్ అనే పాలనా సభకు రావద్దని, దాని సభ్యుడూ స్టోయిక్కూ అయిన హెల్విడియస్ ప్రిస్కస్‌కు కబురు పంపిన ఘట్టాన్ని స్టోయిక్ గురువు ఎపిక్టెటస్ తన శిష్యులకు చెప్పాడు. "నన్ను సభ్యత్వం నుంచి తొలగించడం మీ చేతిలో ఉంది, సభ్యుడిగా ఉన్నంతకాలం రావడం నా విధి" అన్నాడు హెల్విడియస్. వస్తే మౌనంగా ఉండమంటే, నా అభిప్రాయం అడగకండి, మౌనంగానే ఉంటానన్నాడు. అడగక తప్పదంటే, నాకు న్యాయమనిపించింది చెప్పక తప్పదన్నాడు. చంపుతానన్నప్పుడు, "నాకు చావు లేదని మీతో ఎప్పుడైనా అన్నానా?" అని అడిగాడు. చివరికి ఆయనను దేశం నుంచి వెళ్లగొట్టి, ఆ తరువాత చంపించారు. పదవి పోతుందన్న భయం లేనందువల్లనే ఆ పదవికి తగిన పని ఆయన చేయగలిగాడని నా అభిప్రాయం.

అపోహ: అందని ద్రాక్ష పుల్లన అన్నట్టు, ఇది అధికారం దక్కనివారు అల్లుకున్న ఓదార్పు.

వాస్తవం: క్రీ.శ. 161 నుంచి 180 వరకు రోమ్‌ను ఏలిన మార్కస్ ఆరీలియస్‌కు అందని పదవి ఏదీ లేదు. ఆయన తనకోసం గ్రీకులో రాసుకున్న పుటలలో, తాను ధరించే ఊదారంగు రాజవస్త్రం సముద్రపు గుల్లజీవి నెత్తురులో ముంచిన గొర్రె ఉన్ని మాత్రమేనని గుర్తుచేసుకున్నాడు. ఆ పుటల తొలి భాగంలోనే, బానిసగా పుట్టి కుంటివాడిగా బతికిన ఎపిక్టెటస్ బోధలను తన సొంత ప్రతి ఇచ్చి పరిచయం చేసినందుకు గురువు రుస్టికస్‌కు కృతజ్ఞత తెలుపుకున్నాడు.