వెనక చక్రాలు బయటికి జరిపితే బండి తిరగనంటుందేం?

మొయినాబాద్ వైపు తోటలో పాత ఏటీవీ (కచ్చా నేల మీద తిరిగే, హ్యాండిల్ ఉన్న నాలుగు చక్రాల బండి) నడుపుకునే పాఠకుడొకరు ఓ ప్రశ్న పంపారు. మలుపుల్లో బండి ఒరుగుతోందని బాలానగర్‌లో లేతు మీద 40 మిల్లీమీటర్ల స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే మందపాటి బిళ్లలు) చేయించి వెనక చక్రాలకు బిగించారట. ఒరగడం తగ్గింది. కానీ ఇప్పుడు హ్యాండిల్ ఎంత తిప్పినా బండి తిన్నగా కంచె మీదికి పోతోందట. "వెడల్పు పెరిగితే పట్టు పెరగాలి కదండీ?" అని అడిగారు.

పెరిగిందండీ. అందుకే తిరగట్లేదు.

ఒరగడం సంగతి ముందు తేల్చేద్దాం, అందులో పెద్ద విశేషం లేదు. చక్రాల మధ్య దూరంలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగించండి. దూరం 100 సెం.మీ., మనిషితో కలిపి గరిమనాభి ఎత్తు 60 సెం.మీ. అనుకుంటే 0.83 వస్తుంది. అంటే బరువులో 83 శాతమంత బలం పక్కకు లాగితేగానీ బండి పల్టీ కొట్టదు. మొరం నేల మీద టైరుకు అంత పట్టు దొరకదు కాబట్టి పల్టీ కన్నా ముందే జారుతుంది. మన హైదరాబాద్ చుట్టుపక్కల మొరం మధ్యలో హఠాత్తుగా నున్నటి రాతిబండ తేలుతుంది చూడండి, ప్రమాదం అక్కడుంది. జారుతున్న టైరు ఉన్నట్టుండి పట్టేస్తుంది. 1970లో హోండా మొదలుపెట్టిన మూడు చక్రాల రకం ఇలాంటి పల్టీలతోనే చెడ్డపేరు తెచ్చుకుంది. 1988లో కంపెనీలకు ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందంతో అమెరికాలో వాటి అమ్మకమే ఆగిపోయింది.

ఇక నాకిష్టమైన భాగం, ఇరుసు.

ఎడ్లబండి ఇరుసు తిరగదు, దాని మీద చక్రాలు దేనికవి తిరుగుతాయి. సందు మలుపులో లోపలి చక్రం దాదాపు నిలబడిపోతుంది, బయటిది చుట్టూ తిరిగొస్తుంది. కందెన పూసేది ఆ స్వేచ్ఛ కోసమే. ఇప్పుడు రెండు చక్రాలనూ ఇరుసుకు మేకులేసి బిగించామనుకోండి. రెండూ ఒకే వేగంతో తిరగాలి, కానీ వాటి దారులు సమానం కావు. ఎడ్లు మెడ తిప్పినా బండి తిన్నగానే తోస్తుంది, లోపలి చక్రం నేలను గీరుతుంది. క్రీడా రకం ఏటీవీల్లోనూ, రిసార్టుల్లో తిప్పే చిన్న బండ్లలో చాలావాటిలోనూ ఉన్నది ఈ మేకులేసిన ఇరుసే, రెండు చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లేదు. ఐదు మీటర్ల వ్యాసార్ధమున్న మలుపులో మీటరు వెడల్పు ఇరుసుకు లోపలి చక్రం దారి 4.5 మీటర్ల వృత్తం, బయటిది 5.5, తేడా 22 శాతం. వెడల్పు 1.2 మీటర్లయితే 4.4కీ 5.6కీ మధ్య తేడా 27 శాతం. ఆ తేడా అంతా ఏదో ఒక టైరు జారి సర్దుకోవాల్సిందే.

మేకులేసిన ఎడ్లబండిని తిప్పాలంటే ఒక్కటే ఉపాయం: లోపలి చక్రం మీద బరువు తగ్గించడం. గడ్డిమోపు బయటివైపుకు ఒరిగితే లోపలి చక్రం తేలికై సులువుగా గీరుకుంటూ వస్తుంది. ఏటీవీ కూడా అచ్చం ఇలాగే తిరుగుతుంది. వెనక ఇరుసును పట్టుకునే చేయి, అంటే స్వింగార్మ్, పైకీ కిందికీ ఆడుతుందే తప్ప ఫ్రేమును పక్కకు ఒరగనివ్వదు. ముందు ఒక్కో చక్రాన్నీ పట్టుకునే ఏ-ఆర్మ్‌లు మాత్రం దేనికవే ఆడతాయి. కాబట్టి ఒరిగించే బలాన్ని ఎక్కువగా వెనక ఇరుసే మోస్తుంది. లోపలి నుంచి బయటికి తరలే బరువంటే వెనక ఇరుసు మోసే ఒరిగించే మొమెంటును (మెలిని) వెనక చక్రాల మధ్య దూరమైన ట్రాక్‌తో భాగిస్తే వచ్చేదే. ట్రాక్ పెంచితే ఆ తరలింపు తగ్గుతుంది, లోపలి చక్రం నేలను వదలదు. పైగా అది ఇప్పుడు ఇంకా ఎక్కువ జారాలి. మన పాఠకుడి 40 మి.మీ. స్పేసర్లు రెండు విధాలా దెబ్బ తీశాయి.

ఇంజినీరింగ్ క్లాసులో ఆకర్‌మన్ సూత్రం అందరికీ కంఠతా వస్తుంది. 1818లో లండన్‌లో పేటెంటు అయిన ఆ అమరిక మలుపులో ముందు చక్రాలు ఒక్కోటీ ఎంత కోణం తిరగాలో చెబుతుంది. వెనక ఇరుసు బిగిసి ఉంటే ఏమవుతుందని అడిగే పరీక్ష పేపరు నాకు కనపడలేదు. ఇంజినీరింగ్ విద్యార్థుల కచ్చా దారి బండ్ల పోటీలైన బాహాకు బండి కట్టే పిల్లలకు మాత్రం చేతులు నొప్పెట్టి తెలుస్తుంది. వెనక ట్రాక్‌ను ముందుకన్నా కాస్త తక్కువ పెట్టే జట్లు అందుకే చాలా కనిపిస్తాయి.

మరి ముందు చక్రాలను బయటికి జరిపితే? అక్కడ బరువు తరలింపు తగ్గి ముందు టైర్లు రెండూ పనిచేస్తాయి. ఏ-ఆర్మ్ మీద చక్రం స్ప్రింగుకు దూరమవడంతో మీట పొడవై స్ప్రింగు మెత్తబడ్డట్టవుతుంది, ఒరిగించే బలంలో వెనక వాటా ఇంకాస్త పెరుగుతుంది. వెనక లోపలి చక్రం తేలికవుతుంది, బండి తిరుగుతుంది.

ఊరికే రాదు. హ్యాండిల్ తిప్పినప్పుడు ముందు చక్రం మళ్లే పిన్ను గీతకూ టైరు నడుముకూ మధ్య దూరం 25 మి.మీ. పెరిగితే, రాయి 1000 న్యూటన్లతో నెట్టినప్పుడు అదనంగా 25 న్యూటన్-మీటర్ల మెలి వస్తుంది. 80 సెం.మీ. హ్యాండిల్ మీద అది ఒక్కో చేతికి సుమారు మూడు కిలోల తోపు. హబ్ బేరింగు మీద భారమూ పెరుగుతుంది. బాల్ బేరింగు ఆయుష్షు భారం ఘనానికి విలోమం కాబట్టి భారం 25 శాతం పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. డబ్బుంటే పొడవైన ఏ-ఆర్మ్‌లు, వాటికి తగ్గ టైరాడ్లు (హ్యాండిల్ తిప్పుడును చక్రాలకు చేర్చే కడ్డీలు) నయం. లేదంటే 5+2 రిమ్ముకు (బిగింపుకు లోపల 5, బయట 2 అంగుళాలు) బదులు 4+3 వేస్తే ఒక్కో చక్రం అంగుళం బయటికొస్తుంది. స్పేసరే వేస్తే చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడానికి నాకు అభ్యంతరం లేదు, తొక్కించాక వీల్ నట్లు మళ్లీ ఓసారి బిగించండి.

ఖర్చు లేని స్పేసరు ఒకటుంది, మీ ఒళ్లు. 200 కిలోల బండి మీద 75 కిలోల మనిషి 15 సెం.మీ. లోపలికి జరిగితే మొత్తం గరిమనాభి నాలుగు సెంటీమీటర్లు జరుగుతుంది. ఆ మలుపులో పల్టీ ఆపడానికి అది 40 మి.మీ. స్పేసరు చేసే పనే. ఒళ్లు లోపలికి వంచినా, కాలి బరువు మాత్రం బయటి ఫుట్‌రెస్ట్ మీద మోపమని బిగిసిన ఇరుసున్న బండ్ల యజమాని పుస్తకాలు చెప్పేది లోపలి వెనక చక్రం జారడానికే.

మన పాఠకుడు ముందుగా బండి ఇరుసు ఎలాంటిదో చూసుకోవాలి. వెనక భాగం ఎత్తి న్యూట్రల్‌లో ఒక చక్రం గట్టిగా పట్టించి రెండోది తిప్పాలి. కదలకపోతే బిగిసిన ఇరుసే. అప్పుడు వెనక స్పేసర్లు తీసేసి, ముందు చక్రాలకు 15 మి.మీ.వి వేసి, మొరం మీద సున్నంతో ఆరు మీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీసి, హెల్మెట్ పెట్టుకుని దాని మీద నెమ్మదిగా వేగం పెంచాలి. గంటకు 20 కిలోమీటర్ల దగ్గర పక్కబలం బరువులో సగానికి చేరుతుంది. అక్కడ ముందు చక్రాలు గీత దాటి బయటికి పోతుంటే ముందు ఇంకొంచెం వెడల్పు కావాలి, వెనక తోక బయటికి విసురుతుంటే ఇప్పటికే ఎక్కువైంది.